నాన్న వాటా నీళ్ళు

మా ఇంట్లో క్యాలెండరు మీద మంగళ, గురు, శనివారాల చుట్టూ ఎర్ర పెన్నుతో గీతలుంటాయి. ఆ మూడు రోజులూ నాన్నకు డయాలసిస్. మధ్య రోజులు నీరసం తీరడానికీ, మళ్ళీ సిద్ధం కావడానికీ సరిపోతాయి. శనివారం ఒంట్లో చేరిన నీరు తీసేస్తారు కాబట్టి ఆదివారం ఆయనకు ఆయాసం ఉండదు, కాళ్ళ వాపు తగ్గి చెప్పులు సరిగ్గా పడతాయి. అందుకని మేము ఇంటిల్లిపాదీ ఎక్కడికి వెళ్ళినా ఆదివారమే. అరసవల్లి అయినా, శ్రీకూర్మం అయినా, కళింగపట్నం సముద్రం అయినా ముందు ఆయన ఒంట్లో ఎలా ఉందో చూసుకుని, ఆ తర్వాతే బయలుదేరతాం.

మాది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం. కవిటి మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య పెరిగాను. పెళ్ళయ్యాక శ్రీకాకుళం వచ్చాను, ఇక్కడికి దగ్గర్లోనే ఒక ప్రాథమిక పాఠశాలలో చదువు చెబుతున్నాను. ఊరి పేరు చెప్పగానే ఇప్పుడు ఎవరైనా మొదట అడిగేది కిడ్నీల గురించే. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల్లో ఈ జబ్బు లేని వీధి అరుదు. ఎన్నో బృందాలు వచ్చి నీళ్ళు, మట్టి, నెత్తురు పరీక్షించాయి. ఫలానాదే కారణమని ఇప్పటికీ తేలలేదు. నాన్నకు షుగరు లేదు, చుట్ట అలవాటు లేదు, జీవితమంతా తోటలో కష్టపడిన మనిషి. ఆయన్నీ వదల్లేదు. ఊళ్ళో ఇద్దరే ఉండి చూసుకోవడం కష్టమని అమ్మనూ నాన్ననూ మా దగ్గరికి తెచ్చుకున్నాం.

"దేవుణ్ణి నమ్ముకోండి, అంతా మంచే జరుగుతుంది" అని చాలామంది చెబుతారు. మంచి మనసుతోనే చెబుతారు. కానీ డయాలసిస్ ఇంటికి ఒక సంగతి తెలుసు: పాడైన కిడ్నీలు తిరిగి బాగుపడవు. మొక్కుకుని, ముడుపు కట్టి, నయమయ్యాక తీర్చుకునే జబ్బు కాదిది. మరి ఇలాంటి చోట భక్తికి పని ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు నేను ప్రవచనాల్లో వినలేదు. నాన్నతో కలిసి తిరుగుతూ, ఆయనకు అన్నం పెడుతూ, ఆసుపత్రి వరండాలో కూర్చుంటూ కొద్దికొద్దిగా చూశాను.

ముందు చెంబు సంగతి చెప్పాలి. మూత్రం దాదాపు రాదు కాబట్టి నాన్న తాగే ప్రతి చుక్కా ఒంట్లోనే ఉండిపోతుంది. టీ, మజ్జిగ, చారు అన్నీ కలుపుకుని రోజుకు లీటరు దాటకూడదని డాక్టరు లెక్క చెప్పారు. అమ్మ పొద్దున్నే ఒక ఇత్తడి చెంబులో నీళ్ళు కొలిచి పోసి, పైన మూత పెట్టి, నాన్న మంచం పక్కన ఉంచుతుంది. ఆ రోజుకు ఆయన వాటా అదే. మాత్రలకు గుక్కెడు, అన్నం తిన్నాక గుక్కెడు, రాత్రికి కొంచెం. శనివారం నుంచి మంగళవారం దాకా ఎడం ఎక్కువ కాబట్టి ఆది, సోమవారాల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎండాకాలంలో నాలుక పిడచకట్టుకుపోతున్నా, లవంగం బుగ్గన పెట్టుకుని సరిపెట్టుకుంటారు.

నాన్నకు చిన్నప్పటి నుంచీ పొద్దున్నే సూర్యుడికి నీళ్ళు వదిలే అలవాటు ఉంది. ఊళ్ళో ఉన్నప్పుడు బావి దగ్గర స్నానం చేసి, తూర్పుకు తిరిగి, దోసిలితో వదిలేవారు. మంత్రాలు ఏమీ రావు. ఇక్కడికి వచ్చాక మేడ మీదికి వెళ్ళి అదే పని చేస్తారు. ఒకరోజు బట్టలు ఆరేయడానికి వెళ్ళి చూశాను. ఆయన చేతిలో ఉన్నది ఆ ఇత్తడి చెంబు. మూత తీసి, దోసిట్లోకి కాసిన్ని నీళ్ళు వంచుకుని, కళ్ళు మూసుకుని వదిలారు. నీళ్ళు పిట్టగోడ మీద నుంచి కిందికి జారాయి. చెంబులో అంత మేర నీళ్ళు తగ్గాయి.

అమ్మకు తెలిసి గొడవ చేసింది. "కుళాయిలో నీళ్ళు లేవా? తాగడానికే చాలనివి వాటిలోంచి పారబోస్తారా?" అని.

"కుళాయి నీళ్ళు నావి కావు కదా. నావి ఇవే" అన్నారు నాన్న.

అమ్మ ఇంకేమీ అనలేదు. చెంబులో ఆ దోసెడు కలిపి పోయనూ లేదు, ఎందుకంటే లెక్క లెక్కే. ఇప్పటికీ అలాగే జరుగుతోంది. నేను ఎన్నో పూజలు చూశాను, చేశాను. ఇంత బరువైన నైవేద్యం ఇంకొకటి చూడలేదు. భక్తి అంటే జరగబోయేదాని మీద ధీమా అని చాలామంది అనుకుంటారు. ఒంట్లో ఓపిక, చేతిలో డబ్బు ఉన్నంత కాలం ఆ ధీమా అందరికీ ఉంటుంది. ధీమా పెట్టుకోవడానికి ఏమీ మిగలనప్పుడు కూడా తన వంతు పని మానకపోవడమే భక్తి అని నాన్నను చూశాక నమ్ముతున్నాను.

అరసవల్లి మాకు దగ్గరే. ఆరోగ్యం కావాలంటే సూర్యుణ్ణి అడగాలని పెద్దల మాట. అందుకే ఆ గుళ్ళో కంటి జబ్బులవాళ్ళు, చర్మ వ్యాధులవాళ్ళు, ఏళ్ళ తరబడి మంచాన పడినవాళ్ళు కనిపిస్తారు. ఆదివారం రద్దీ ఎక్కువ. నాన్నను నెమ్మదిగా నడిపించుకుంటూ వెళ్ళి దర్శనం చేయించాం. మా ఆయన, పిల్లలు, నేను అందరం ఆయన ఆరోగ్యం కోసమే దండం పెట్టుకున్నాం. బయటికి వచ్చి నీడన కూర్చున్నాక నేను ఉండబట్టలేక అడిగాను.

"ఏమి కోరుకున్నావు నాన్నా?"

"అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారమ్మా అక్కడ. ఆయన రోజూ పొద్దున్నే మన ఇంటికి వస్తున్నాడు కదా, ఒకసారి మనం కూడా వాళ్ళింటికి వెళ్ళి రావాలని వచ్చాను."

చుట్టాల ఇంటికి వెళ్ళివచ్చినంత మామూలుగా చెప్పారు. మా ప్రాంతంలో రాకపోకలకు ఉండే విలువ తెలిసినవాళ్ళకు ఆ మాటలోని మర్యాద వెంటనే తెలుస్తుంది.

అదే రోజు మా అమ్మాయి, పదో తరగతి చదువుతోంది, తాతయ్యకు కిరణాల లెక్క చెప్పింది. ఏటా మార్చి 9, 10, 11 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2, 3 తేదీల్లోనూ ఉదయపు కిరణాలు ద్వారాల గుండా లోపలికి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి కదా, ఆ తేదీలే ఎందుకని తనకు ఎప్పటి నుంచో సందేహమట. సూర్యుడు ఉదయించే చోటు రోజూ కొంచెం కొంచెం జరుగుతుంది. మార్చి 20 ప్రాంతంలోనూ, సెప్టెంబరు 23 ప్రాంతంలోనూ సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. మొదటిదానికి పది రోజుల ముందు, రెండోదానికి ఇంచుమించు అన్నే రోజుల తర్వాత, తూర్పుకు కాస్త దక్షిణంగా ఒకే చోట కనిపిస్తాడు. కాగితం మీద గీసి మరీ చూపించింది. సైన్సు చెబితే తాతయ్య నొచ్చుకుంటారేమోనని నాకు లోపల బెరుకుగా ఉంది. ఆయన మాత్రం ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి సంబరపడిపోయారు.

"కట్టినవాళ్ళకు ఈ లెక్క తెలుసన్నమాట! వాళ్ళ పని గుమ్మం నిలబెట్టడం. నిలబెట్టి వెళ్ళిపోయారు. రావలసినవాడు వస్తాడని."

ఆ గుడిని తూర్పు గంగ వంశపు రాజు దేవేంద్ర వర్మ ఏడో శతాబ్దంలో కట్టించాడని చెబుతారు. ఇప్పుడు మనం చూసే కట్టడంలో చాలా భాగం తర్వాతి కాలానిది. మళ్ళీ కట్టినవాళ్ళు కూడా దిక్కు తప్పలేదు. అక్టోబరులో మబ్బు పట్టి కిరణాలు కనిపించని ఏళ్ళూ ఉంటాయి. అయినా జనం తెల్లవారకముందే వచ్చి నిలబడతారు. లెక్క తెలిస్తే నమ్మకం పోతుందనే భయం నాకు ఆ రోజుతో పోయింది. మా అమ్మాయి ఆ కాగితాన్ని తాతయ్యకే ఇచ్చేసింది. మందుల చీటీల సంచిలో దాచుకున్నారు.

కళింగపట్నం వెళ్ళినప్పుడు చెప్పుకోదగ్గవేమీ జరగలేదు. పిల్లలు తడిశారు, వంశధార సముద్రంలో కలిసే వైపు చూస్తూ నాన్న ఇసుకలో కూర్చున్నారు, ఇంటికి వచ్చాం. ప్రతి ప్రయాణంలోనూ ఏదో ఒకటి నేర్చుకోవాలని లేదు. అందరం కలిసి ఒక పూట గడపడమే చాలు.

శ్రీకూర్మం మాత్రం మా అబ్బాయి కోసం వెళ్ళాం. వాడు ఐదో తరగతి. విష్ణుమూర్తిని తాబేలు రూపంలో కొలిచే గుడి ఇంత పెద్దది మరోచోట లేదని, స్వామి పడమటికి తిరిగి ఉంటాడని, అందుకే అక్కడ రెండు ధ్వజస్తంభాలు ఉన్నాయని నేను దారి పొడవునా చెబుతూనే ఉన్నాను. వాడి ధ్యాసంతా గుళ్ళో పెంచే నక్షత్ర తాబేళ్ళ మీదే. నాన్న బజారులో గోంగూర కట్టలు కొన్నారు. పొటాషియం ఎక్కువని ఆయనకు ఆకుకూరలు పెట్టం. తప్పనిసరైతే కూరగాయలను ముక్కలు కోసి, నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వంపేసి వండుతుంది అమ్మ. గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగని మనిషి, తాను తినకూడని ఆకును ఒక్కొక్కటే తుంచి తాబేళ్ళకు పెడుతూ కూర్చున్నారు. ఒక తాబేలు మెడ చాపి, ఆకు అంచు పట్టుకుని, తల వెనక్కి లాగి తెంపుకుంది. నమలడానికి ఎంతసేపు పట్టినా నాన్న కదల్లేదు. దాని వీపు మీది పసుపు గీతలు చూపించి, ఇవి నక్షత్రాలు అని మనవడికి చెప్పారు.

నాన్న ఎడమ చేతికి ఫిస్టులా ఉంది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలను కలిపి కుట్టిన చోటు అది, ఉబ్బి ఉంటుంది, వేలు పెడితే లోపల జరజరమని కదలిక తెలుస్తుంది. ఆ కదలిక ఆగకూడదు. అందుకే రోజూ పొద్దున్నే తాకి చూసుకోవాలి. ఆ పని మా వాడు తన మీద వేసుకున్నాడు. చెవి ఆనించి వింటాడు, లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు వినిపిస్తుంది వాడికి. "ఉంది తాతయ్యా" అని చెప్పి బడికి వెళతాడు. ఆ రోజు తాబేళ్ళ దగ్గర తాతయ్య వాడికి పాల సముద్రం చిలికిన కథ చెప్పారు. మందర పర్వతం మునిగిపోతుంటే స్వామి తాబేలై వీపు మీద మోశాడని, అంత కొండా గిరగిరా తిరుగుతుంటే ఆయనకు వీపు గోకినట్టు హాయిగా ఉందని.

వాడు చేతి వైపు చూస్తూ అడిగాడు. "నీకు కూడా సూదులు గుచ్చినప్పుడు అలాగే ఉంటుందా?"

"ఆయన దేవుడు నాయనా, ఆయనకు గోకినట్టుంది. నాకు నొప్పే. అయినా రెండు సూదులే కదా, ఓర్చుకుంటాను."

పిల్లలకు దేవుడి పేరు మీద అబద్ధాలు చెప్పడం మనకు చాలా తేలిక. నొప్పి లేదని, త్వరలోనే తగ్గిపోతుందని చెప్పి ఉండవచ్చు. వాడు ఆ మాటలు కూడా నమ్మేవాడే. నాన్న అలా చెప్పలేదు. నొప్పి నొప్పిగానే ఉంది, కథ కథగానే ఉంది, రెండింటిలో ఏ ఒక్కటీ తగ్గలేదు. వాడు తృప్తిగా తల ఊపి మిగిలిన గోంగూర అందుకున్నాడు.

డయాలసిస్ నాలుగు గంటలు పడుతుంది. ముందు బరువు చూస్తారు, తర్వాత మళ్ళీ చూస్తారు. మధ్యలో తోడు వచ్చినవాళ్ళు వరండాలో కూర్చోవాలి. అక్కడ పరిచయమైన ఒకామె ఉంది. ఆమె కొడుకు లారీ నడిపేవాడు, ముప్పై దాటి ఉండవు. ఆమె పాత బైబిలు ఒకటి ఒడిలో పెట్టుకుని ప్రార్థన చేసేది. పేర్లు తెలియవు కాబట్టి మంచం నంబర్లతో చేసేది. "రెండో బెడ్డు అమ్మగారు, నాలుగో బెడ్డు పెద్దాయన" అంటూ. నాలుగో బెడ్డు మా నాన్న. ఈ సంగతి చెబితే నాన్న అప్పటి నుంచి మేడ మీద నీళ్ళు వదిలేటప్పుడు ఆ అబ్బాయిని కూడా తలచుకునేవారు. ఒకరి దేవుణ్ణి ఒకరు అడ్డుకోలేదు.

వానలు మొదలైన రోజుల్లో ఆ అబ్బాయి పోయాడు. తర్వాత కొంతకాలానికి, ఒక శనివారం ఆమె వచ్చింది. ఎవరి కోసం వచ్చావని అడగడానికి నోరు రాలేదు. తన పాత చోటే కూర్చుని, ఆ రోజు లోపల ఉన్న మంచాలన్నింటి కోసం వరసగా ప్రార్థన చేసి, నా చేయి ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది. ప్రార్థనకు ఫలితం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు జవాబు రాదు. ఆమె మళ్ళీ వచ్చిందన్నది మాత్రం కళ్ళారా చూశాను. ఆ రోజు నుంచి నేను కూడా మంచం నంబర్లు తలచుకుంటున్నాను.

ఊరి ప్రయాణం అన్నింటికన్నా కష్టం. నరసన్నపేట, టెక్కలి, పలాస దాటి జిల్లా ఉత్తరపు కొస దాకా వెళ్ళాలి. నాన్న అడగరు, కానీ పలాస దాటగానే కిటికీ వైపు జరిగి కూర్చుంటారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రోజు పొద్దున్న ఫోనులు పనిచేయలేదు. రెండు రోజుల తర్వాత చెట్లు నరుక్కుంటూ దారి చేసుకుని వెళ్ళేసరికి మా తోట లేదు. మా తాతయ్య నాటిన కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా లేచి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పనస చెట్టు ఇంటి మీద పడింది. మా ఊళ్ళో చాలామంది హైదరాబాదుకో, చెన్నైకో పనులకు వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పు పట్టడానికి ఏమీ లేదు, కడుపు ఆగదు.

నాన్నకు అప్పటికి అరవై దాటాయి. మరుసటి ఏడాది వానలకు మూడడుగుల గోతులు తవ్వించి కొబ్బరి మొక్కలు పెట్టారు. మా దేశవాళీ కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. త్వరగా కాసే పొట్టి రకాలు వేయమని మా ఆయన చెప్పారు. "తుపానుకు నిలబడాలి కదా బాబూ, మన రకమే వేద్దాం" అన్నారు నాన్న. మొక్కలు నిలదొక్కుకునే సమయానికి రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగా వచ్చింది, అంటే కిడ్నీలు దెబ్బతిన్నాయన్నమాట. ఆ తర్వాత నీళ్ళు పెట్టింది, పాదులు చేసింది మా మేనమామ. నాన్న ఫోనులో ఒక్కో చెట్టు గురించీ అడిగేవారు, వరస, స్థానం చెప్పి మరీ.

తొలి కాపు వచ్చిందని మామయ్య చెప్పిన తర్వాతి ఆదివారం ఊరు వెళ్ళాం. నాన్న ప్రతి చెట్టు దగ్గరా ఆగి, మొదలు తట్టి చూసి, ముందుకు కదిలారు. తోటలో తొలి కాయ ఊరి అమ్మవారికి. గుడి దగ్గర మామయ్య పీచు ఒలిచి నాన్న చేతికి ఇచ్చాడు. ఫిస్టులా ఉన్న చేతితో బరువు పనులు చేయకూడదు, అందుకని కుడి చేత్తోనే రాయికేసి కొట్టారు. ఒక్క దెబ్బకే పగిలింది. కొబ్బరి నీళ్ళలో పొటాషియం చాలా ఎక్కువ. డయాలసిస్ రోగి తాగితే గుండెకే ప్రమాదం. జీవితమంతా కొబ్బరి పండించిన మనిషి, ఏడేళ్ళు ఎదురుచూసిన కాయ నీళ్ళు తాగకూడదు. ఇది తలచుకుని దారంతా నా గొంతులో ఏదో అడ్డుపడుతూనే ఉంది.

నాన్న చిప్పలో మిగిలిన నీళ్ళలో వేలు ముంచి కళ్ళకు అద్దుకున్నారు. మా అబ్బాయి చేతికి చిప్ప ఇచ్చి "తాగి ఎలా ఉన్నాయో చెప్పు" అన్నారు.

"తియ్యగా ఉన్నాయి తాతయ్యా. కొంచెం ఉప్పగా కూడా."

"సముద్రం పక్కన కదా. మన తోట నీళ్ళు అలాగే ఉంటాయి" అన్నారు. ఆయన ముఖంలో నేను వెతికిన దిగులు లేదు. తాను నాటినప్పుడు తాగేది ఎవరో ఆయన ఎంచుకోలేదు, కాబట్టి ఇప్పుడు పోగొట్టుకున్నదీ లేదు. అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవతలికి వెళ్ళిపోయింది. ఆమె దుఃఖం కూడా నిజమే, భక్తి ఉన్నవాళ్ళు ఏడవకూడదని ఎక్కడా లేదు.

ఆ రోజు మామయ్య ఇంట్లో కుళాయి తిప్పి చూపించాడు. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా వచ్చే వంశధార నీళ్ళు. ఈ పథకంతో పాటు పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. దేవుడి మీద భారం వేశామని చెప్పి ఇలాంటివాటి కోసం అడగడం మానకూడదని నా గట్టి అభిప్రాయం. ఇన్నేళ్ళు ఊరూరా తిరిగి మొరపెట్టుకున్నవాళ్ళు, పరీక్షల కోసం నెత్తురు ఇచ్చినవాళ్ళు, మాట్లాడిన డాక్టర్లు ఉన్నారు కాబట్టే ఆ కుళాయిలో నీళ్ళు వచ్చాయి. మా పిల్లల తరానికి ఈ జబ్బు రాకుండా ఉంటుందేమోనన్న ఆశ నాకు అక్కడే పుట్టింది.

నాన్న ఆ నీళ్ళు చేత్తో పట్టుకుని చూసి, "ఈ నదిని దగ్గరగా చూడాలి" అన్నారు. శ్రీముఖలింగం వంశధార ఒడ్డునే కదా. మధుకేశ్వరుడి దర్శనం, నది దర్శనం రెండూ ఒకేసారి అవుతాయి. ఇప్ప చెట్టు మొదలే లింగమైందని అక్కడి కథ. చెట్లు పెంచిన మనిషికి ఆ దేవుడు నచ్చుతాడని నాకు అనిపిస్తోంది. ఈ శనివారం డయాలసిస్‌లో బీపీ పడిపోకుండా ఉంటే ఆదివారం ఐదున్నరకే కారు రమ్మన్నాం, ఎండ ఎక్కకముందే తిరిగి రావాలి. అమ్మ దారిలోకి ఉప్పు తక్కువ వేసి ఇడ్లీ చేస్తానంది. మా అమ్మాయికి పరీక్షలు దగ్గరపడ్డాయి, అయినా వస్తుందట. గుడి గోడల మీది శాసనాలు ఫొటో తీసుకోవాలట. ఆమె చదువుకునే పుస్తకం కారులోకి తెచ్చుకుంటానంటే సరే అన్నాను.